అరువు గజ్జెలు

ఒక పాట మనది కాదని తెలిసీ పాడుతున్నప్పుడు, అనుమతి ఎవరిని అడగాలి? రాసినవాళ్లనా? తరాలుగా పాడుతూ వచ్చినవాళ్లనా? అసలు అడగాల్సిన పని ఉందా?

ఈ ప్రశ్నకి మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, కళకి ఎల్లలు లేవు. సన్మాన సభల్లో శాలువాతో పాటు కప్పే మాట ఇది. రెండోది, ఎవరి కథ వాళ్లే చెప్పుకోవాలి. ఫోన్‌లో ఏ చర్చ తెరిచినా పదో కామెంట్‌లోపు ఇది వచ్చేస్తుంది. మొదటిది వింటే హాయిగా ఉంటుంది, రెండోది వింటే న్యాయంగా ఉంటుంది. నాలుగు నెలలుగా ఒక సంగీత నాటకానికి రిహార్సల్స్ చేస్తున్నాను. ఆ హాల్లో ఈ రెండు జవాబులూ ఎక్కువసేపు నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో రాసుకుంటే నాకైనా కొంత స్పష్టత వస్తుందని ఈ ప్రయత్నం.

నాటకం మీలో చాలామందికి తెలిసిందే. బెర్టోల్ట్ బ్రెష్ట్ రాసి, కుర్ట్ వైల్ సంగీతం కూర్చిన 'త్రీపెన్నీ ఒపేరా'. మేం దాన్ని తెలుగులోకి, హైదరాబాద్‌లోకి తెచ్చుకున్నాం. పీచమ్ మా దగ్గర పిచ్చయ్య అయ్యాడు, పోలీ పోలమ్మ అయింది. పేర్లు ఇంత తేలిగ్గా కుదిరిపోవడం చూసి మొదటిరోజు అందరం నవ్వుకున్నాం. పాటల్లో సగం వైల్ బాణీలు, సగం తెలంగాణ చిందు భాగోతం దరువులు. నాది పిచ్చయ్య వేషం. అంటే బిచ్చగాళ్లకి వేషాలు అద్దెకిచ్చి, వాళ్ల సంపాదనలో వాటా తీసుకునే షావుకారు.

*

ముందు మొదటి జవాబు సంగతి చూద్దాం, ఎల్లలు లేవన్నదాని సంగతి.

ఈ నాటకం పుట్టుకే అప్పుతో మొదలైంది. 1728 జనవరిలో లండన్‌లో జాన్ గే 'బెగ్గర్స్ ఒపేరా' ఆడించాడు. అప్పట్లో అక్కడి గొప్పవాళ్లకి ఇటాలియన్ ఒపేరా మోజు. అర్థంకాని భాషలో రాజులూ దేవతలూ పాడుతుంటే వజ్రాలు పెట్టుకుని వెళ్లి వినేవారు. గే దాన్ని వెక్కిరిస్తూ దొంగల్నీ బిచ్చగాళ్లనీ నాయకుల్ని చేశాడు. పాటలకి కొత్త బాణీలు కట్టించలేదు. వీధిలో జనం నోళ్లలో ఉన్న దాదాపు 70 బాణీలు తీసుకుని వాటికి కొత్త మాటలు రాశాడు. వాటిని వాద్యాలకి అమర్చినవాడు పెపుష్. ఆయన బెర్లిన్‌లో పుట్టిన జర్మన్.

రెండువందల ఏళ్ల తర్వాత, 1928 ఆగస్టు 31న, అదే బెర్లిన్‌లో ఈ కథ మళ్లీ వేదికెక్కింది. గే నాటకాన్ని జర్మన్‌లోకి తెచ్చింది ఎలిజబెత్ హౌప్ట్‌మన్. దాన్ని బ్రెష్ట్ తిరగరాశాడు. వైల్ ఏడుగురు వాద్యగాళ్లతో టాంగో, ఫాక్స్‌ట్రాట్, జాజ్ వాసన వేసే సంగీతం కట్టాడు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1978లో, ఇది పూణెలో మరాఠీ తమాషాగా మారింది. పు.ల. దేశ్‌పాండే 'తీన్ పైశాచా తమాషా' రాస్తే జబ్బార్ పటేల్ దర్శకత్వం వహించాడు. అదే ఏడాది బ్రెజిల్‌లో షికో బువార్కే దీన్ని సైనిక పాలన రోజుల్లో తన దేశపు కథగా మార్చుకున్నాడు. దానికి ఒక ఏడాది ముందే నైజీరియాలో వోలే షోయింకా 'ఒపేరా వోన్యోసి' చేశాడు.

ఇంత ప్రయాణం చేసిన నాటకాన్ని పట్టుకుని 'ఇది ఎవరిది' అని అడగడం అర్థంలేని పనే అనిపిస్తుంది. ఎవరి కథ వాళ్లే చెప్పుకోవాలన్న సూత్రం కచ్చితంగా అమలైతే 1728 దగ్గరే ఇది ఆగిపోయేది. నిజానికి అక్కడిదాకా కూడా వచ్చేది కాదు.

కానీ ఈ చరిత్రకే ఇంకో పద్దు పుస్తకం ఉంది. 'త్రీపెన్నీ ఒపేరా' మీద వచ్చే రాబడిలో బ్రెష్ట్‌కి 62.5 శాతం, వైల్‌కి 25, హౌప్ట్‌మన్‌కి 12.5. ఈ నాటకంలో ఆమె చేతిరాత ఎంతుందన్నది పరిశోధకులు ఇప్పటికీ తేల్చుకుంటున్న లెక్క. ఫ్రెంచి కవి వియోన్ పద్యాల జర్మన్ అనువాదం నుంచి కొన్ని పంక్తులు పేరు చెప్పకుండా వాడుకున్నాడని 1929లో ఒక విమర్శకుడు బయటపెడితే, మేధోసంపత్తి విషయంలో తను మొదటినుంచీ అలసత్వం ఉన్న మనిషినే అని బ్రెష్ట్ తేలిగ్గా ఒప్పుకున్నాడు. ఇక వైల్ బ్యాండ్‌లో వినిపించే జాజ్‌ని పుట్టించిన అమెరికా నల్లజాతి వాద్యగాళ్ల పేర్లు ఏ పద్దులోనూ లేవు.

అంటే ఎల్లలు లేవన్నది నిజమే. లెక్కలు మాత్రం ఉన్నాయి. ఆ మాట తరచుగా ఎవరు అంటారో గమనిస్తే, సరిహద్దు దాటేటప్పుడు వాళ్ల జేబులు ఎవరూ తడమరని తెలుస్తుంది.

*

రిహార్సల్ హాల్లోకి వస్తాను.

జర్మన్ సగం మాకు కష్టమనిపించింది కాని, భారమనిపించలేదు. మాక్ ద నైఫ్ పాటనే తీసుకోండి. తర్వాత లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబీ డారిన్ పాడి ప్రపంచం మొత్తానికి తెలిసిన పాట. మొదటి పంక్తి గ, ప, ద మీద నడుస్తుంది. మా హార్మోనియం ఆయన వినగానే "మోహనే కదండీ" అన్నారు. రెండో పంక్తికొచ్చేసరికి ప పోయి మ వచ్చింది. ఆయన వేళ్లు ఆగిపోయాయి. మోహన అనుకుని నమ్మి ఇంట్లోకి రానిస్తే, చెప్పులతో నట్టింట్లోకి వచ్చినట్టుంది ఆ మధ్యమం. ఆ పాట ఒక హంతకుడి గురించి. రెండు వారాలు పాడితే గాని ఆ అసౌకర్యమే పాట అర్థమని నాకు బోధపడలేదు.

బ్రెష్ట్ దాన్ని జాతరల్లో పాడే హత్యల పాట పద్ధతిలో రాశాడు. జర్మనీలో వీధిగాయకులు బొమ్మల పలక ఒకటి నిలబెట్టి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ ఘోరాల కథలు పాడేవారు. మనకి ఇదేం కొత్త? చేర్యాల పటం పట్టుకుని కథ చెప్పేవాళ్లు చేసిందీ ఇదే. అందుకే మా ప్రదర్శనలో ఆ పాట పటం ముందు పాడతాం.

ఇక్కడివరకూ అంతా ఆనందంగానే ఉంది. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. బ్రెష్ట్ రాసిన ఒక్క జర్మన్ మాటకి తెలుగు ఏమిటని మేం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకున్నాం. వైల్ బాణీలో ఒక్క స్వరం మార్చాలంటే మా సంగీత దర్శకురాలు రెండుసార్లు ఆలోచించేది. అదే వారంలో ఒక చిందు దరువుని సగానికి కోద్దామన్న ప్రతిపాదన అయిదు నిమిషాల్లో ఆమోదం పొందింది. వైల్‌ది 'స్కోర్'. దరువుది 'ఫోక్ ఎలిమెంట్'. ఒకటి రచన, ఇంకొకటి దినుసు.

చట్టం కూడా ఇలాగే ఆలోచిస్తుంది. వైల్ 1950లో, బ్రెష్ట్ 1956లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లపాటు మన దేశంలో హక్కులు ఉంటాయి. అంటే వాళ్ల విషయంలో లెక్కపెట్టడానికి ఒక తేదీ ఉంది. దరువుకి తేదీ లేదు. రాసినవాడి పేరు లేదు కాబట్టి అది అందరిదీ. అందరిదీ అంటే, ఆచరణలో, ముందుగా మైకు అందుకున్నవాడిది.

*

మాకు చిందు నేర్పడానికి ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటాయి. మొదటిరోజు మేమంతా "గురువుగారూ" అంటుంటే, "గురువుగారేంది బిడ్డా, తాత అనుండ్రి" అన్నారు.

మా దర్శకుడు ఎప్పుడూ చెప్పే విషయం ఒకటుంది. నటుడు పాత్రలో కరిగిపోకూడదు, పాత్రని పక్కన నిలబడి చూపించాలి. ఇది బ్రెష్ట్ సిద్ధాంతం. 1935లో మాస్కోలో చైనా నటుడు మేయ్ లాన్‌ఫాంగ్ అభినయం చూశాక ఆయన ఆలోచన ఇంకా గట్టిపడింది. దీని మీద మేం నాలుగైదు వ్యాసాలు చదివాం, చేసి చూస్తే రాలేదు. తాత గజ్జె కట్టి ప్రవేశ దరువు అందుకుని, "నేను ఫలానా రాజును, నా ప్రతాపం ఇట్టిది" అని జనానికి నేరుగా చెప్పుకుంటూ ఒక చుట్టు తిరిగారు. మధ్యలో తాళం జారిన కుర్రాడిని కిరీటం పెట్టుకున్న రాజుగానే కసిరి, మళ్లీ రాజై పాట అందుకున్నారు. మాకు జర్మన్‌లో పేరు తెలిసిన వస్తువుని ఆయన పేరు లేకుండా చూపించారు.

నేను ఆడపిల్లనై ఉండి పిచ్చయ్య వేషం కడుతున్నానని మా బంధువులు ఆశ్చర్యపోయారు గాని ఆయన పోలేదు. చిందులో ఆడవాళ్లు వేదికెక్కడం కొత్త కాదు. చిందు ఎల్లమ్మని చూసిన తరం ఆయనది. గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు తమ ఊళ్లో పటాకులు కాల్చామని చెప్పారు. "అవార్డు వచ్చిన్నాడు పటేలు గూడ మా వాడకొచ్చిండు" అన్నారు. ఆ 'గూడ' ఎంతసేపో నా చెవిలో ఉండిపోయింది.

ఒకరోజు టీ తాగుతుండగా నన్ను అడిగారు. "బిడ్డా, మీరు ఈ ఆట ఆడితె మీ ఆఫీసుల ఏమంటరు?"

మెచ్చుకుంటారు తాతా, వీడియోలు పెడితే లైకులు కొడతారు, అన్నాను.

ఆయన కోపంగా అనలేదు. లెక్క చెప్తున్నట్టు అన్నారు. "మీరు ఎగిరితె కళ అంటరు. మేం ఎగిరితె కులం అంటరు."

ఆ తర్వాత ఈ ప్రశ్న నాకు సిద్ధాంతంగా మిగల్లేదు. అదే అడుగు. అదే తాళం. ఆయన కాలికి కట్టుకుంటే అది ఆయన ఎవరో ఊరికి గుర్తుచేస్తుంది. నా కాలికి కట్టుకుంటే నేను ఎంత విశాలంగా ఆలోచిస్తానో నగరానికి చెబుతుంది. ఒకే గజ్జె ఒకరి బరువు పెంచుతోంది, ఇంకొకరి విలువ పెంచుతోంది. నేను జర్మనీ నుంచి తెచ్చుకున్న దూరం గురించి ఇంతసేపు మాట్లాడాను. కాని ఈ ప్రదర్శనలో అసలు పరాయి సంస్కృతి బెర్లిన్‌ది కాదు. నూటయాభై కిలోమీటర్ల దూరంలో, ఊరి చివర వాడలో ఉన్నది.

*

ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. ఎందుకంటే తాత మనవడు వేషం కట్టడు.

అతను డిగ్రీ చదువుతున్నాడు. చిందు కుటుంబాలకి ఒకప్పుడు ఊళ్ల మీద మిరాశి ఉండేది. ఫలానా ఊళ్లలో ఫలానా కుటుంబమే ఆడాలి, మాదిగవాడ వాళ్లకి ఇచ్చుకోవాలి. అది హక్కూ, కట్టుబాటూ కూడా. ఆ కట్టుబాటులోంచి బయటపడటమే మనవడికి స్వేచ్ఛ. "తాత ఆడిండు, చాలు" అంటాడట. ఆ మాటలో నాకు తప్పేమీ కనపడదు. చిందు ఆడినవాళ్లు జాంబపురాణంలో బ్రాహ్మణుడిని ఎదురుగా కూచోబెట్టి కులాల పుట్టుక మీద వాదించి నిలిచారు. అంత ధిక్కారం ఉన్న కళని కూడా వదిలేయాలని ఆ కుటుంబపు పిల్లవాడికి అనిపిస్తే, లోపం కళలో లేదు. అది ఎవరి ఒంటి మీద ఉంటే లోకం ఎలా చూస్తుందన్నదాంట్లో ఉంది.

వదిలేయడం అతనికి స్వేచ్ఛ. అందుకోవడం నాకు స్వేచ్ఛ. రెండూ నిజమైనవే. అయితే రెండూ ఒకేసారి జరిగితే చివర్లో ఏం మిగులుతుంది?

దీనికి జవాబు మన చరిత్రలో ఒకసారి వచ్చేసింది. 1936లో మద్రాసులో కళాక్షేత్ర మొదలైంది. 1947లో అక్కడే దేవదాసీ వ్యవస్థని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలో దోపిడీ లేదని ఎవరూ అనలేరు. కాని ఆ పదేళ్లలో, ఆ తర్వాతా జరిగిందేమిటి? నాట్యం నిలిచింది. దానికి కొత్త పేరు, కొత్త గౌరవం, అరంగేట్రాలు, అమెరికా ప్రయాణాలు వచ్చాయి. దాన్ని శతాబ్దాలపాటు మోసిన ఇళ్లలోని ఆడపిల్లలకి మాత్రం వేదిక దూరమైంది. బాలసరస్వతి లాంటి ఒకరిద్దరు తప్ప. మన కళావంతుల కుటుంబాల సంగతీ అంతే. కళని కాపాడాం అంటాం. ఎవరి నుంచి కాపాడామో అడగం.

ఇంకోరకం ఉదాహరణ కూడా ఉంది. హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ పల్లె నటులతో పనిచేసిన తొలి ఏళ్లలో వాళ్లచేత హిందీలో, తను గీసిన గీతల మధ్య ఆడించబోయాడు. వాళ్ల సహజమైన ఆట చచ్చిపోయింది. అది తన తప్పని తెలియడానికి ఏళ్లు పట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల భాషలో, వాళ్ల అల్లికతో చేసిన 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరోలో బహుమతి తెచ్చుకుంది. వేదిక మీద ఉన్నది ఆ పల్లెవాళ్లే. అక్కడా పేరు ఎక్కువగా హబీబ్ తన్వీర్‌కే దక్కింది, నిజమే. కాని వాళ్లు ఆ వేదిక మీద దినుసులుగా లేరు, మనుషులుగా ఉన్నారు.

*

పిచ్చయ్య వేషం కట్టాక ఈ గొడవంతా నాకు వేరేగా కనబడటం మొదలైంది.

పిచ్చయ్య దుకాణంలో దైన్యానికి అయిదు నమూనాలున్నాయి. చెయ్యి లేనివాడు, చూపు లేనివాడు, ఇలాగ. ఒక సీన్లో పనిలేని కుర్రాడొకడు వస్తాడు. నిజంగానే దిక్కులేనివాడు. అతని అసలు కష్టాన్ని ఎవరూ నమ్మరని, అందుకని దుకాణంలోని కష్టాన్ని తొడుక్కోవాలని పిచ్చయ్య నచ్చజెబుతాడు. బట్టలు మార్పిస్తాడు, అద్దె రాసుకుంటాడు. ఈ సీను చేస్తున్న ప్రతిసారీ నాకు తాతకి మేం ఇచ్చిన సూచనలు గుర్తుకొస్తాయి. కొంచెం నెమ్మదిగా తాతా, ఇక్కడివాళ్లకి అర్థంకాదు. అర్దళం అంత మందంగా వద్దు తాతా, లైట్లలో బాగుండదు. ఆయన అసలు రూపం నగరం నమ్మేలా లేదు కాబట్టి ఇంకో చిందుని ఆయనకే తొడుగుతున్నాం.

అయితే పిచ్చయ్య చేసే తప్పేమిటి? వేషం వేయించడమా? కాదు. అదే తప్పయితే నాటకమే తప్పు. అబద్ధమాడటమా? అదీ కాదు, వీధిలో బిచ్చగాడి ఆకలి నిజమే. పిచ్చయ్య తప్పు అతను కూచున్న చోట ఉంది. గల్లాపెట్టె వెనక. లైసెన్సు అతనే ఇస్తాడు. అతని చీటీ లేకుండా లండన్‌లో ఎవరూ అడుక్కోకూడదు. ఎవరి దైన్యం ఎంత చెల్లుతుందో అతనే తేలుస్తాడు. దైన్యం పడుతున్నవాడికి ఆ లెక్కలో నోరు లేదు.

ఇది తెలిశాక నా ప్రశ్న మారింది. పరాయి పాట పాడొచ్చా లేదా అన్నది కాదు ప్రశ్న. పాడుతున్నప్పుడు గల్లాపెట్టె దగ్గర ఎవరు కూచున్నారన్నది.

ఈ నాటకాన్ని హైదరాబాద్‌లో పెట్టడానికి కారణం కూడా ఇదే. బ్రెష్ట్ కథలో రాణి పట్టాభిషేకం జరగబోతుంటే, ఊరేగింపు మీదికి బిచ్చగాళ్లని తోలతానని పీచమ్ పోలీసు అధికారిని బెదిరిస్తాడు. 2017 నవంబరులో మన నగరంలో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారు. దానికి ముందే పోలీసులు రెండు నెలలపాటు నగరంలో భిక్షాటన నిషేధించారు. సిగ్నళ్ల దగ్గర అడుక్కునేవాళ్లని ఎత్తుకెళ్లి చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమంలో ఉంచారు. మేం కథని మార్చాల్సిన అవసరం దాదాపు రాలేదు. కాని మా టికెట్టు కొని ఆ సీను చూసి చప్పట్లు కొట్టబోయేది, ఆ నవంబరులో సిగ్నళ్లు శుభ్రంగా ఉన్నాయని కాస్త ఊపిరి పీల్చుకున్న నగరమే. పిచ్చయ్య లైసెన్సు మా ప్రదర్శన బయట కూడా చెల్లుతుంది.

*

మా బృందంలో ఒక మిత్రుడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అతని మాట తీసిపారేసేది కాదు. "ఈ లెక్కన మాదిగలే చిందు ఆడాలి, జర్మన్లే బ్రెష్ట్ ఆడాలి, హంతకులే మాక్ పాట పాడాలి. నటన అంటేనే నేను కానిది అవడం. దాన్ని నేరం చేస్తే మిగిలేది ఆత్మకథలే. పైగా ఏ కులం కళ ఆ కులమే చెయ్యాలని కోరుకునేది ఎవరు? మనువే కదా!"

చివరి మాట నాకు తగిలింది. కళని కులానికి కట్టేయడం గౌరవం కాదు. అది పాత మిరాశికి కొత్త పేరు పెట్టడమే. తాత కూడా అలా కోరుకోలేదు. మాకు అడుగు సరిగ్గా రాని రోజున ఆయన పడ్డ బాధ అందరికీ తెలుసు. రావాలనే కోరుకున్నారు.

కాబట్టి ఎవరైనా ఏ వేషమైనా కట్టొచ్చని నేనూ అంటాను. దానికి ఒక షరతు చేరుస్తాను. ఆ వేషం ఎవరి జీవితంలోంచి వచ్చిందో వాళ్లు ఆ గదిలో ఉండాలి, వాళ్లు వద్దంటే ఆ మాట చెల్లాలి. ఒప్పుకోవడానికి మాత్రమే పిలిచినవాళ్లని అడిగినట్టు కాదు. వద్దు అనే వీలు లేనిచోట సరే అన్న మాటకి విలువేముంది?

దీనికి మా దగ్గరే పరీక్ష వచ్చింది. మొదటి అంకంలో గుర్రపుశాలలో దొంగల మధ్య పోలమ్మ పెళ్లి జరుగుతుంది. ఆ చోట తాత పాడిన ఒక అమ్మవారి పాట పెట్టాలని దర్శకుడు అనుకున్నాడు. ఒకసారి పెట్టి చూశాం. దొంగసొత్తు బల్లల మీద, తాగుబోతుల మధ్య ఆ పాట లేస్తుంటే ఒళ్లు జలదరించింది. అందరం చూసుకున్నాం. ఇదే, అనిపించింది.

తాత మద్దెల మీద చెయ్యి ఆపేశారు. "అది గిట్ల పెండ్లిల పాడేది గాదు సారు. దానికో యాళ్ల ఉంటది, ఓ జాగ ఉంటది."

వాదన జరిగింది. ప్రేక్షకుడిని కుదపడమే కదా బ్రెష్ట్ ఉద్దేశం, పవిత్రమైనదాన్ని బజారులో పెట్టడమే కదా, అన్నారు ఒకరు. నిజమే. కాని బ్రెష్ట్ బజారుకీడ్చింది తన కళ్లెదుట అధికారంలో ఉన్నవాళ్ల పవిత్రతని. పెళ్లి, చర్చి, పోలీసు, బ్యాంకు. ఊరి గుడిలోకి ఇన్ని తరాలు రానివ్వనివాళ్లు తమకోసం నిలుపుకున్న ఒక అమ్మవారిని తెచ్చి, గుడిలోకి ఎప్పుడూ దర్జాగా వెళ్లినవాళ్ల ముందు మోటుగా నిలబెట్టడం ఆ కుదుపు కాదు. అది పాత అలవాటే.

పాట తీసేశాం. ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ పాట ఉంటే ఆ సీను బాగుండేది. ఇప్పుడు అక్కడ ఉన్నది దానికన్నా తక్కువది. న్యాయంగా ఉంటే కళ దానంతటదే గొప్పదవుతుందని కొందరంటారు. నాకు ఆ నమ్మకం లేదు. కొన్నిసార్లు న్యాయానికి ఒక మంచి సీను ఖర్చవుతుంది. ఏమీ ఖర్చు కాకుండా దక్కే నైతికత ఉంటే, అది పిచ్చయ్య దుకాణంలో ఆరో నమూనా అయివుంటుంది.

*

అరువు సొమ్ము బరువు చేటు అంటారు. పెళ్లికని పక్కింటివాళ్ల నగ తెచ్చుకుని పెట్టుకుంటే, మెడకి అందం కన్నా ముందు బరువు తెలుస్తుంది. పోతుందేమో, గీత పడుతుందేమో అని చెయ్యి ఊరికే దానిమీదికి పోతుంటుంది. ఈ సామెతని మనం అప్పు చెయ్యొద్దని చెప్పడానికి వాడతాం. నాకు మాత్రం ఆ బరువు మంచిదేననిపిస్తోంది. అరువు తెచ్చుకున్నదని గుర్తున్నంతసేపే ఆ నగ పక్కింటిది. బరువు తెలియడం మానేసిన రోజున అది దొంగసొత్తు అవుతుంది.

పాటతో చిక్కేమిటంటే దాన్ని తిరిగి ఇవ్వలేం. నేను నేర్చుకున్నంత మాత్రాన తాత దగ్గర అది తగ్గలేదు. అందుకే పాటని అరువు తీసుకోవడంలో నష్టమేమీ లేదని వాదిస్తారు. కాని నేను తీసుకున్నది పాట ఒక్కటే కాదు. దానితోపాటు వెలుగు పడే చోటు కూడా తీసుకున్నాను. అది ఒకరు నిలబడితే ఇంకొకరికి తగ్గే వస్తువు. తిరిగి ఇవ్వగలిగిందీ, ఇవ్వాల్సిందీ అదే.

మేం చేసినవి చిన్న పనులు. పోస్టర్ మీద బ్రెష్ట్, వైల్ పేర్ల పక్కన, అదే సైజు అక్షరాల్లో తాత పేరు ఉంటుంది. సంగీతం అన్న మాట కింద ఉంటుంది, 'సహకారం' అన్న మాట కింద కాదు. టికెట్ల మీద వచ్చినదాంట్లో ఆయనకి వాటా ఉంటుంది, శాలువా ఉండదు. చివరి దరువు పాడేది మేం కాదు, ఆయన. హౌప్ట్‌మన్ 12.5 శాతం గురించి తెలిసినవాళ్లం, కనీసం మా పద్దు పుస్తకం తెరిచి పెట్టుకున్నాం.

ఇవన్నీ చేసినా తాత చెప్పిన లెక్క సరికాలేదు. ప్రదర్శన అయిపోయాక నేను అర్దళం కడుక్కుని, గజ్జెలు విప్పి, క్యాబ్ బుక్ చేసుకుంటాను. విప్పగానే నేను మళ్లీ నేనే. ఆయనా విప్పుతారు. ఊరి బస్సు దిగేసరికి ఊరు వాటిని ఆయన కాళ్లకి మళ్లీ కట్టేసి చూస్తుంది. ఆ తేడాని ఒక నాటకం తీర్చలేదు. నాటకం చేయగలిగింది చిన్నది. ఆ తేడా లేదన్నట్టు నటించకుండా ఉండటం. కళకి ఎల్లలు లేవని ఈసారి ఎవరైనా శాలువా కప్పబోతే, ఒక్క నిమిషం ఆపి, ఆ ఎల్ల దాటడానికి మీరెంత కట్టారు, వాళ్లెంత కట్టారు అని అడగడం.